చేదు కాదు, ఒగరు: మా ఇంట్లో డార్జిలింగు టీ

డార్జిలింగు టీని పాలు పొయ్యకుండా మొదటిసారి తాగినోళ్లు చానామంది ఒకే మాట అంటారు: "చేదుగా ఉండాది." మా ఇంట్లో కూడా ఆ మాటే వచ్చింది. నా కూతురు "కసప్పు" అనింది, అంటే తమిళంలో అదీ చేదే. మా జేజి ఒప్పుకోలేదు. ఆమెకు ఎనబై నాలుగేళ్లు, పళ్లు నాలుగో అయిదో మిగిలినాయి గాని నాలుక మాత్రం చెక్కు చెదర్లేదు. ఇంకో గుటక తాగి, రవంతసేపు నోట్లోనే పెట్టుకుని మింగి, "చేదు యాడుండాది పాపా? కాకరకాయ చేదు, యాపాకు చేదు. ఇది ఒగరు గదా" అనింది.

నా కూతురికి ఆ మాట తెలీదు. వాళ్లమ్మకు తెలుసు, నాకు తెలుసు, కాని మేము ఆ పిల్ల ముందర ఆ మాట ఎప్పుడు వాడినామో గుర్తు రాలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాము, నిజమే. అయితే మాట్లాడే మాటలు ఏవి? తిన్నావా, బస్సు వచ్చిందా, ఫీజు కట్టాల, చార్జరు యాడ పెట్నావు. ఈ నాలుగు మాటలతో ఒక భాష ఇంట్లో బతికే ఉండాదని మనం అనుకుంటాము. రుచికి, వాసనకు, గాలికి, మట్టికి ఉండే మాటలు చప్పుడు లేకుండా ముందే వెళ్లిపోతాయి. అవి పోయిన సంగతి కూడా మనకు తెలీదు. ఈ టీ పుణ్యమా అని మాకు తెలిసింది.

కోస్తావాళ్లు "వగరు" అంటారు, మేము "ఒగరు" అంటాము. అత్తిబెలె దాటి కన్నడమోళ్లను అడగండి, వాళ్లదీ "ఒగరు" అనే మాటే. తమిళంలో "తువర్ప్పు". మూడు భాషల్లోనూ ఆరు రుచుల్లో దానికి ఒక పీట వేసి కూర్చోబెట్టినారు పెద్దలు. ఉగాది పచ్చడిలో యాపపూవు చేదుకయితే, మామిడి పిందె ఒగరుకు. మన కృష్ణగిరి మామిడి తోపుల్లో తిరిగిన పిల్లోళ్లకు దీన్ని ఎవురూ నేర్పించే పని లేదు. బెంగుళూరా పిందె కొరికితే చాలు. నేరేడుపండు తిన్నాక నాలుక మందమయ్యేది, అరటిపూవు ఒలిచిన చేతిని పొరపాటున నాకితే నోరు బిగిసేది, వక్క నమిలితే బుగ్గలు లోపలికి లాగేది, అంతా ఒగరే.

శాస్త్రం తెలిసినోళ్లు చెప్పేది ఇంకా బాగుంటుంది. చేదు నాలుక మీద తెలిసే రుచి. ఒగరు నిజానికి నోటికి తగిలే స్పర్శ. తేయాకులో ఉండే పాలీఫినాల్ పదార్థాలు మన ఎంగిలిలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి, దాంతో నోట్లో ఉండే జారుడు తగ్గిపోయి, లోపలంతా పట్టేసినట్టు అనిపిస్తుంది. టీలో చేదు కూడా ఉంటుంది, అది ముఖ్యంగా కెఫీన్‌ది. ఆకును ఎక్కువసేపు నానబెడితే రెండూ కలిసి గొంతు పట్టుకుంటాయి. బాగా చేసిన డార్జిలింగు టీలో చేదు వెనక్కి పోయి, ఒగరు ముందు నిలబడుతుంది. ఆ ఒగరు కోసమే జనం దాన్ని తాగుతారు. కాబట్టి దాన్ని "చేదు" అని పక్కన పెట్టినోళ్లు మాట లేక టీని పోగొట్టుకున్నట్టే.

ఇంత కబురు చెప్తున్నాను గాని, మాది టీ కుటుంబం కాదు. జేజి చిన్నప్పుడు పొద్దున రాగి అంబలి, మజ్జిగ. ఆ తర్వాత ఫిల్టరు కాఫీ వచ్చింది. టీ అనేది హోసూరు బస్టాండులో తాగేది: బాయిలరు మీద వేడినీళ్లు, పొడి నింపిన గుడ్డసంచి, పైనుంచి కిందికి ఒక మూర పొడుగున తిప్పి పోసిన పాలు. ఆ టీని నేను తక్కువ చెయ్యను. అది వేరే వస్తువు. దాంట్లో వేసేది సీటీసీ పొడి, ఆకును యంత్రంలో నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టినది. అస్సాంలో 1930ల్లో మొదలయిన పద్ధతి అది. రెండు నిమిషాల్లో నల్లగా దిగుతుంది, ఎన్ని పాలు పోసినా తన గొంతు వినిపిస్తుంది. డార్జిలింగు ఆకు అట్ల అరిచే రకం కాదు.

మా ఇంటికి ఆ ఆకు వచ్చింది మా చిన్నాయన కొడుకు వల్ల. మిలిట్రీలో పని, సిలిగురి పక్కన సుక్నాలో ఉన్నాడు కొన్నేళ్లు. సుక్నా అంటే కొండ కాలి దగ్గర ఉండే ఊరు. అక్కడినుంచి రైలు, రోడ్డు రెండూ కర్సియాంగు మీదుగా డార్జిలింగు ఎక్కుతాయి. వాడు లీవులో వచ్చినప్పుడల్లా రెండు పొట్లాలు తెచ్చేవాడు. ఏప్రిల్ చివర్లో వచ్చినప్పుడు ఒక రకం, జులైలో వచ్చినప్పుడు ఇంకొకటి. పొట్లాలు వేరే, రంగులు వేరే, వాసనలు వేరే. ఊరి పేరు మాత్రం ఒకటే.

అదెట్లనో తెలుసుకోవాలంటే రవంత వెనక్కి పోవాల. మన నీలగిరుల్లో, అస్సాంలో పెరిగేది ఎక్కువగా పెద్దాకు రకం. డార్జిలింగులో పాత తోటలు చైనా రకం, చిన్న ఆకు, చలిని ఓర్చుకునే చెట్టు. 1841లో ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ అనే డాక్టరు తన ఇంటి దొడ్లో విత్తనాలు నాటినాడు, 1850ల్లో తోటలు లేచినాయి. ఇప్పుడు ఆ పేరు పెట్టుకునే హక్కున్న తోటలు 87. కొండ వాలులో, ఎక్కువగా 600 నుంచి 2,000 మీటర్ల ఎత్తున ఉంటాయి. చలికాలమంతా నిద్రపోయిన చెట్టు ఫిబ్రవరి ఆఖర్లో చిగురు వేస్తుంది, అది మొదటి కోత. మే, జూన్‌లో రెండో కోత. తర్వాత వానకాలం ఆకు, అక్టోబరు, నవంబరుల్లో శరత్తు ఆకు. నాలుగు కిలోలకు పైగా పచ్చాకు కోస్తే ఒక కిలో టీ. కోసేది చాలావరకు ఆడోళ్లే, రెండాకులు ఒక మొగ్గ.

మొదటి కోత పొట్లం విప్పితే మా ఇంట్లో అందరూ నవ్వినారు. దీన్నేనా బ్లాక్ టీ అనేది? సగం ఆకు పచ్చగా ఉండాది. కారణముంది. కోసిన ఆకును రాత్రంతా గాలి పట్టించి బాగా వాడబెడతారు. మొదటి కోతను మరీ ఎక్కువ వాడబెట్టడంతో, ఆ తర్వాత ఆకు పూర్తిగా నల్లబడదు. కప్పులో రంగు కూడా నిమ్మపండు రంగే. జేజి ముక్కు దగ్గర పెట్టుకుని, "పసరు వాసన" అనింది. ఇంగ్లీషులో టీ రుచి చూసేవాళ్లు దీన్ని "గ్రీన్" అంటారట. పచ్చరంగును వాసనకు పెట్టుకోవడం వాళ్ల అవసరం. మనకు ఆకు నలిపిన వాసనకు వేరే మాటే ఉండాది. మొదటి కోతలో ఆ పసరు ఎక్కువయితే ఆకు పచ్చిగా మిగిలిందని, అసలు లేకపోతే పాతబడిందని అర్థం. నాకు నచ్చేది పసరు పక్కన ఒక పూలవాసన ఉండేది, రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు.

మొదటి కోతకు ఇంకో గుణముంది. మింగినాక నోరు పట్టేస్తుంది, కాసేపటికి గొంతులో తీపి మాదిరి ఏదో పైకి వస్తుంది. చక్కెర వెయ్యలేదు గదా, ఇది యాడనుంచి వచ్చింది అని మా ఆవిడ అడిగితే జేజి, "ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టు" అనేసింది. అంతకంటే సరిగ్గా చెప్పిన మాట ఇంతవరకు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అసలు కథ రెండో కోతలో ఉంది. ఈ ఆకు ముదురు గోధుమరంగు, టీ తేనె ముదిరిన రంగు. దీని వాసన గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట, "మస్కటెల్". మస్కట్ ద్రాక్ష వాసన అని. సరే, మస్కట్ ద్రాక్ష అంటే ఏది? ఫారినోళ్ల పండేమో, మనకేం తెలుస్తుంది అని కొన్నాళ్లు వదిలేసినాను. తర్వాత తెలిసింది: మన హోసూరు తోపుడుబండ్ల మీద అమ్మే పన్నీరు ద్రాక్ష ఉండాది చూడండి, నల్లగా, గింజతో, తొక్క జారిపోయేది, తేని జిల్లా కంబం లోయ నుంచి వచ్చేది, అది మస్కట్ హాంబర్గ్ అనే రకమే! 2023లో ఆ కంబం పన్నీరు ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిన్నప్పట్నుంచి తింటా ఉండే పండు పేరు తెలీక, దూరదేశపు రుచి అనుకుంటిమి.

ఆ ఆదివారం పావు కిలో పన్నీరు ద్రాక్ష తెచ్చి, పక్కన రెండో కోత టీ పెట్టినాము. ఒక పండు నమిలి గింజ ఊసి, ఒక గుటక. నా కూతురు కళ్లు పెద్దవి చేసి "అదే వాసన నాయనా" అనింది. పండులో తీపి మీద తేలే వాసన, టీలో ఒగరు మీద తేలుతుంది. జేజి ఇంకో అడుగు ముందుకేసింది: "ద్రాక్ష వాసన కాదు ఇది, పన్నీరు రోజా వాసన. ద్రాక్షకు కూడా ఆ వాసన ఉండబట్టే గదా ఆ పేరు పెట్టింది."

పన్నీరు రోజా అంటే హోసూరు చుట్టూ పాలిహౌసుల్లో పెంచి విమానమెక్కించే రోజాలు కాదు. అవి చూడ్డానికి బాగుంటాయి, వాసన తక్కువ. ఆమె చెప్పేది దొడ్లో బావి పక్కన ఉండిన చిన్న గులాబిరంగు రోజా, ఒకటి కోస్తే చెయ్యంతా వాసన. బావి పూడ్చినప్పుడు ఆ చెట్టూ పోయింది. జేజి మాటను పరీక్షించి చూడాలని చదివితే, ఆమె ముక్కు నిజమే చెప్పింది. జెరానియాల్, లినలూల్ అనే వాసన పదార్థాలు రోజాలోనూ, మస్కట్ జాతి ద్రాక్షలోనూ, డార్జిలింగు టీలోనూ ఉన్నాయి. అందులో జెరానియాల్ చైనా రకం తేయాకులో ఎక్కువ. మూడింటినీ ఒకే మాట కింద కట్టడానికి మా జేజికి ప్రయోగశాల అక్కరలేదు.

రెండో కోతకు ఆ వాసన రావడానికి ఒక పురుగు కూడా కారణం. పచ్చదోమ. బెండ, వంగ వేసే మన రైతులు దాన్ని తిట్టని రోజు ఉండదు. ఆకు రసం పీల్చి, అంచులు ముడుచుకుపోయేటట్టు చేస్తుంది. డార్జిలింగులో మే, జూన్ నెలల్లో ఆ జాతి పురుగులే తేయాకు చిగురును కూడా పీలుస్తాయి. చెట్టు తనను కాపాడుకోవడానికి కొన్ని వాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ గాయపడ్డ ఆకునే కోసి టీ చేస్తే ఈ వాసన. దిగుబడి తగ్గుతుంది, ధర పెరుగుతుంది. బేరికె పక్క సేద్యం చేసే మా బావకు ఈ సంగతి చెప్తే, "మా బెండకాయకు కూడా ఎవుడన్నా అట్ల ధర కడితే బాగుండు" అన్నాడు.

ఇంక చేసే విధానం. ఇది మన ఊరి నీళ్లతో ఉండే తంటా కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను. హోసూరు బోరునీళ్లు గట్టినీళ్లు, బకెట్టు అంచున తెల్లగా గార కట్టేవి. వాటితో డార్జిలింగు టీ పెడితే పైన సన్నని తెట్టు తేలుతుంది, రంగు మసకబారుతుంది, వాసన లేవదు. పాలు పోసే టీలో ఈ లోపం కనపడదు గాని, దీంట్లో దాక్కోవడానికి చోటు లేదు. పూర్తిగా ఆర్వో నీళ్లు వాడితే ఇంకో చివరికి పోతుంది, టీ నీళ్లనీళ్లగా, చప్పగా వస్తుంది. మేము ఆర్వో నీళ్లు మూడు పాళ్లు, బోరునీళ్లు ఒక పాలు కలుపుతాము. వానాకాలంలో మేడమీద శుభ్రంగా పట్టిన వాననీళ్లు దొరికితే వాటినీ ఇట్లే కలుపుతాము, అప్పుడింకా బాగుంటుంది.

వేడి సంగతి ఒకటుంది. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. డార్జిలింగు పట్నం 2,000 మీటర్ల పైన, అక్కడ 93 దగ్గరే. అంటే ఆ టీని పుట్టిన చోట ఎవురూ నూరు డిగ్రీల నీళ్లతో పెట్టనే లేరు. మేము నీళ్లు తెర్లినాక స్టవ్ ఆపి, రెండో కోతకయితే అరనిమిషం, మొదటి కోతకయితే రెండు నిమిషాలు ఆగి పోస్తాము. ఒక మనిషికి రెండు గ్రాముల ఆకు, కాఫీ లోటాకు ముక్కాలు నీళ్లు. మొదటి కోత ఆకు ఉబ్బుగా ఉంటుంది, కాబట్టి స్పూను కొలత మోసం చేస్తుంది. కొలిచేదానికి వంటింటి త్రాసు మంచిది. మూత పెట్టాల. మూడు నిమిషాలు. రెండో కోతకు ఇంకో అరనిమిషం ఇవ్వొచ్చు. ఆకును నీళ్లలో వేసి స్టవ్ మీద కాచేది మాత్రం వద్దు, వాసనంతా వంటింటికి పోయి, చేదు మనకు మిగులుతుంది. స్టీలు లోటాలో తాగితే పెదవి కాలుతుంది, రుచి తెలీదు. పింగాణీ కప్పు ఉంటే తీయండి.

తాగేటప్పుడు జుర్రుకోండి. ఇది మర్యాద లేని పని అని పిల్లలకు మనమే నేర్పిస్తాము. కోల్‌కతాలో, కూనూరులో టీ రుచి చూసి ధర కట్టేవాళ్లు స్పూనుతో తీసి గట్టిగా జుర్రుతారు, అది వాళ్ల ఉద్యోగం. గాలితో కలిసి లోపలికి పోతేనే వాసన ముక్కు వెనక్కి ఎక్కేది. మా జేజి సాసర్లో పోసుకుని జుర్రితే నా కూతురు ముందు సిగ్గుపడేది. ఇప్పుడు ఇద్దరూ పోటీ.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. డార్జిలింగు పేరుతో లోకంలో అమ్ముడయ్యే సరుకు ఆ కొండల్లో పండేదానికంటే ఎక్కువని పాత ఫిర్యాదు. మన దేశంలో మొదటి భౌగోళిక గుర్తింపు దక్కింది ఈ టీకే, 2004లో. అసలు పొట్లం మీద, చేతిలో రెండాకులు ఒక మొగ్గ పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ముద్ర ఉంటుంది. ఇట్లాంటి బాధ మనకు కొత్తేం కాదు. కృష్ణగిరి తోపుల మామిడి ఎన్నేళ్లుగా "సేలం మామిడి" పేరుతో ఊర్లు తిరిగిందో లెక్క లేదు.

2017లో మా ఇంటికి రెండో కోత రాలేదు. మా తమ్ముడు చేతులూపుకుంటూ వచ్చినాడు. ఆ మే నెలలో బెంగాల్ రాష్ట్రంలో బడుల్లో బెంగాలీ తప్పనిసరి చేస్తామన్న మాట వచ్చింది. కొండమీదోళ్ల ఇంటిభాష నేపాలీ. కొండలకు మినహాయింపు అని తర్వాత చెప్పినా మంట ఆరలేదు, అది ప్రత్యేక గూర్ఖాలాండ్ ఉద్యమంగా లేచింది, జూన్ 15 నుంచి సెప్టెంబరు 27 దాకా 104 రోజులు అంతా బందు. ఏడాదిలో బాగా ధర పలికే ఆకు చెట్టుమీదే ముదిరి, చెట్లు అడివిలా పెరిగిపోయినాయి. కూలీల ఇండ్లలో పొయ్యి ఎట్ల వెలిగిందో అనిపిస్తుంది. ఆ గొడవలో ఎవురిది ఎంత న్యాయమో ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పేదానికి నేను సరిపోను. కాని ఆ వార్త చదివినప్పుడు హోసూరులో ఉండే తెలుగోడికి అది దూరపు వార్తగా అనిపించదు. మనకు 2006 చట్టం ఉండాది. ఒకటో తరగతిలో మొదలయ్యి ఏడాదికొక మెట్టు ఎక్కి, పదో తరగతి దాకా వచ్చిన తమిళం. నేను తమిళం చదువుకున్నాను, ఇష్టంగానే చదువుకున్నాను. అది వచ్చినందుకు నాకు కష్టం లేదు. దాని పక్కన ఇంటిమాటకు పీట లేకపోవడమే కష్టం.

బడిని మార్చేది నా చేతిలో లేదు. వంటింట్లో మాత్రం ఒక పని జరుగుతా ఉండాది. నా కూతురు ఒక నోటుబుక్కులో టీ రాసుకుంటుంది, తారీకు, ఏ కోత, ఎన్ని నిమిషాలు అని. మొదట్లో ఇంగ్లీషులో రాసేది. రుచి దగ్గరికి వచ్చేసరికి "ఒగరు"కు ఇంగ్లీషు మాట రాయడం దానికే నచ్చలేదు, తెలుగు అక్షరాల్లో రాసింది, వంకర టింకరగా. తర్వాత "పసరు" వచ్చింది. ఆకు కాల్చేటప్పుడు వేడి ఎక్కువయిన టీ ఒకటి వస్తే జేజి "కమురు వాసన" అనింది, అదీ ఎక్కింది. డబ్బా మూత సరిగ్గా పెట్టక వానాకాలంలో చెడిన ఆకుకు "ముక్కిన వాసన". ఆఖరికి వాళ్లమ్మ పుట్టింటి మాట ఒకటి, "కసరు", పండని పిందె రుచి. అది మొదటి కోతకు సరిపోతుందా లేదా అని ఇప్పటికీ ఇంట్లో తగువే. జేజి "సరిపోదు" అంటుంది, పసరు వేరే, కసరు వేరే అని. ఆ తేడా చూపించేదానికి ఆమె ఒక జామపిందె, ఒక తమలపాకు తెప్పించి ఇద్దరినీ నమలమనింది.

మా తమ్ముడికి ఇప్పుడు వేరే చోటికి బదిలీ. అక్కడి స్నేహితుడొకడు పోస్టులో పంపిస్తున్నాడు. ఈసారి శరత్తు ఆకు పంపిస్తానన్నాడు, రాగిరంగు దిగుతుందట, ఒగరు తక్కువట. జేజికి అది నచ్చుతుందో లేదో చూడాల. మా అమ్మకు మాత్రం ఏ కోతయినా ఒకటే. మూడు నిమిషాలు లెక్కపెట్టి, మూత తీసి, వాసన చూసి, మేమంతా నోరు తెరుచుకుని కూర్చుంటే, ఆమె తన కప్పు తీసుకుపోయి అరగ్లాసు పాలు, రెండు స్పూన్ల చక్కెర కలుపుకుని వస్తుంది. "బాగుండాది" అంటుంది.